గేటు గుర్తు మీద రెండు గీతలు

మా ఇంట్లో గుర్తు లేని బట్ట కనబడితే అది మాదని అర్థం. మిగతా ఊరందరి బట్టలకూ గుర్తులుంటాయి. చొక్కా అయితే కాలర్ లోపల, దుప్పటి అయితే మూల మడతలో, నల్లసిరాతో మా అమ్మ పెట్టిన గుర్తులు. కటింగ్ షాపాయన తువ్వాళ్ళకు కత్తెరలా రెండు అడ్డగీతలు, పళ్ళ డాక్టరు కోట్లకు రంపం మొనలు, సంగీతం మాస్టారి చొక్కాలకు తోకున్న చుక్క. కొత్త ఖాతా వచ్చిందంటే అమ్మ ఆ మనిషిని ఎగాదిగా ఓసారి చూసేది, కుంచె ముంచేది, వాళ్ళు కన్నార్పేలోగా గుర్తు పడిపోయేది. మా బట్టలకు మాత్రం ఏమీ ఉండేది కాదు. "మనవాటికి మనం గుర్తు పెట్టుకోవడమేంటే, ఇంట్లో దొంగలున్నారా?" అనేది.

ఆ సిరా సంగతి కూడా చెప్పాలి. పెట్టిన వెంటనే కాలే ఇస్త్రీపెట్టెతో అదిమితే చాలు, ఆ తర్వాత బట్ట చిరగాల్సిందే గానీ గుర్తు చావదు. అదిమకపోతే మొదటి ఉతుకుకే కొట్టుకుపోతుంది. అమ్మ అదిమిన గుర్తు పోయిందని ఊళ్ళో ఎవరూ అనలేదు. మా కుటుంబం గొప్పంతా అదే. నా కొంప మునిగిందీ అక్కడే.

ఎందుకంటే నన్నిచ్చింది మా ఖాతాదారుల ఇంటికే. లాడ్జివాళ్ళు. వాళ్ళ గుర్తు గేటు. రెండు నిలువు గీతలు, వాటి నెత్తిన ఒక అడ్డగీత. పెళ్ళికి ముందు రోజు అమ్మ నా బట్టలన్నీ ముందేసుకుని కూర్చుని ఒక్కొక్కదానికీ ఆ గేటు గీసింది. "ఇక నీ ఇల్లు అదే కదే" అని ముక్కు ఎగబీల్చింది. నేనూ మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని. అదే గుర్తు వాళ్ళ దుప్పట్లకూ, దిండు గలీబులకూ, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే గుడ్డలకూ ఉందన్న సంగతి ఆ పూట బుర్రకు తట్టలేదు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే నేను పుట్టింటికి వచ్చేశాను. చేతిలో ఒక సంచి, ఒళ్ళంతా నీళ్ళు. అన్నయ్య ఇస్త్రీ చేస్తున్నాడు, వదిన మడతలు పెడుతోంది, అమ్మ తొట్టి దగ్గరుంది.

"తడిసిపోయావు కదే! ముందు బట్టలు మార్చుకో," అంది అమ్మ. తర్వాత అడిగింది. "ఎన్నాళ్ళుంటావు?"

"ఉండిపోవడానికే వచ్చాను."

అన్నయ్య చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కింద ఎవరిదో చొక్కా కమురు వాసన కొట్టింది. వదిన చటుక్కున పెట్టె పైకెత్తింది.

"కొట్టాడా?" అన్నాడు అన్నయ్య.

"లేదు."

"తాగొచ్చి గొడవ చేశాడా?"

"లేదు. నాకు జ్వరమొచ్చి పడుకుంటే నా గది ఎవరికో అద్దెకిచ్చేశాడు. 'జనం వచ్చే రోజులు కదా, నువ్వెళ్ళి దుప్పట్ల గదిలో సర్దుకో' అన్నాడు."

"ఇంతేనా?"

"ఇంతేనా ఏంటండీ?" అంది వదిన. "మీకు జ్వరమొచ్చినప్పుడు ఈ బల్ల కింద పడుకోబెడతాను, అప్పుడు తెలుస్తుంది ఎంతో."

పెళ్ళయినప్పటి నుంచీ ఆ లాడ్జిలో మంచాలు సర్దింది నేను. గదులు ఊడ్చింది నేను. అలసిపోయానంటే, "మనిల్లే కదా" అనేవారు తల్లీ కొడుకూ. మనిల్లయితే జ్వరమొచ్చిన రోజున నా మంచం నాకుండాలి కదా! దుప్పట్ల గదిలో, గేటు గుర్తున్న కట్టల మధ్య, గేటు గుర్తున్న చొక్కా తొడుక్కుని పడుకున్నాను. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. లేచి వచ్చేశాను.

వచ్చిన నాలుగు రోజులకు నా నీలం చొక్కా కనబడలేదు. ఆరేసిన తీగలన్నీ వెతికాను. ఇల్లంతా తిరగేశాను. మర్నాడు ఉన్నికోటు మాయమైంది. చివరికి మూటలు చేరవేసే బండాయన లాడ్జి నుంచి వచ్చి, తల గోక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అత్తగారు మిమ్మల్ని ఒక మాట అడగమన్నారమ్మా."

"ఏమని?"

"బట్టలొచ్చేశాయి, మనిషెప్పుడొస్తుందని."

వదిన ఫక్కున నవ్వి, నా మొహం చూసి నోరు మూసుకుంది. జరిగింది ఇదీ. వేరుచేసే పని అన్నయ్యది. వాడు బట్టను చూడడు, గుర్తును చూస్తాడు. చూస్తూనే చెయ్యి దానంతటదే ఆ మూటలోకి విసిరేస్తుంది. గేటు కనబడింది, లాడ్జి మూటలో పడింది. ఇంకో ఇంట్లో అయితే ఇలాంటి పొరపాటు జరగదు. సొంత చెల్లెలి చొక్కాను మొగుడింటికి మూటకట్టి పంపడం ఒక్క మా అన్నయ్యకే చెల్లింది.

"చూసుకోలేదే!" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని. అప్పటికప్పుడు బండాయన్ని పంపి చొక్కా, కోటు వెనక్కి తెప్పించాడు. ఆ మొదటిసారి నేను నమ్మాను.

ఆ సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "అమ్మా, నా బట్టలకు వేరే గుర్తు పెట్టు."

"ఉన్న గుర్తు పోదుగా."

"పోకపోతే పోనీ. నాకంటూ ఒకటి పెట్టు."

"మనకు గుర్తులేంటే! మనది మనకు తెలియదూ?"

"తెలియడం లేదు కదమ్మా. నెలాఖరుకు నా ఒంటి మీదవి తప్ప ఏమీ మిగిలేలా లేవు."

అమ్మ బట్టలు పిండి నానిన తన చేతుల వైపు చూసుకుంది.

వానాకాలమంటే మాకు గండం. తీగల మీద ఏదీ ఆరదు, ఇల్లంతా బట్టలే. వంటగదిలో పొయ్యి పైన తువ్వాళ్ళు, మంచాల మీద చొక్కాలు, అన్నం తింటుంటే నెత్తిన ఎవరిదో ప్యాంటు చుక్కలు రాలుస్తూ ఉంటుంది. అలాంటి రోజుల్లో నేను కుక్కిన పేనులా ఒక మూల కూర్చోలేదు. లాడ్జిలో నేర్చుకున్న పనంతా ఇక్కడ బయటికి తీశాను. పలచటివి కిందా మందంవి పైనా కాకుండా, పొయ్యి వేడి నేరుగా తగిలేచోట మందంవి ముందు కట్టాను. సగం ఆరిన దుప్పట్లను వదినా నేనూ చెరో కొసా పట్టుకుని లాగి, ఇస్త్రీతోనే ఆరబెట్టేవాళ్ళం. ముక్కిన వాసనతో ఒక్క మూట కూడా ఇల్లు దాటనివ్వలేదు. పనిలో పడితే మనసు కుదుటపడింది. మంచం ఇస్త్రీబల్ల పక్కనే అయినా, నన్ను దాని మీంచి లేపి ఇంకొకరిని పడుకోబెట్టేవాళ్ళు లేరు.

వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. గొడుగు గుమ్మంలోనే ముడిచి, చెప్పులు జాగ్రత్తగా పక్కన పెట్టి, కూర్చోమనేదాకా నిలబడ్డాడు. ఆయనలో వంక పెట్టడానికి పైకేమీ కనబడదు, అదే నా ఖర్మ.

"పద, ఇంక చాలు," అన్నాడు మెత్తగా. "వానలు తగ్గాక మళ్ళీ జనం వస్తారు. గదులు సర్దేవాళ్ళు లేరు."

"మనిషిని పెట్టుకోండి."

"ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకు?"

అది తప్పు మాటని ఆయనకు తెలియనే తెలియదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నేను దుప్పటి మడత పెడుతూనే ఉన్నాను. ఆయన అన్నయ్య వైపు తిరిగాడు.

"బావా, కొత్తగా బట్టలుతికే మెషిన్లు పెట్టిన కొట్టువాళ్ళు మా అమ్మ చుట్టూ తిరుగుతున్నారు. మనవాళ్ళుండగా వాళ్ళెందుకని నేనే ఆపుతున్నాను. ఎన్నాళ్ళని ఆపను?"

అన్నయ్య మొహం పాలిపోయింది. మా పనిలో సగం లాడ్జిదే. ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళగానే అన్నయ్య నా ముందుకొచ్చి కూర్చున్నాడు.

"చెల్లీ, వాళ్ళు మానేస్తే మనం నలుగురం ఏం తింటామే? ఆలోచించు. ఆయన మనిషి మంచివాడే కదా."

"మంచివాడే. గదే లేదు."

"గది గది అని ఎన్నిసార్లంటావు! సర్దుకుపోవాలి కాస్త."

"దుప్పట్ల గదిలోనే సర్దుకున్నాను అన్నయ్యా. అక్కడా చోటు చాల్లేదు."

అన్నయ్య దుర్మార్గుడు కాదు, భయస్థుడు. చిన్నప్పుడు నన్ను కుక్క తరిమితే నాకంటే ముందు గోడెక్కి, పైనుంచి చెయ్యందించిన మనిషి. ఈసారి మాత్రం చెయ్యందించలేదు.

లాడ్జికి మూట పంపే రోజు పొద్దున లేచి చూస్తే నా అర ఖాళీగా ఉంది. ఒక్క బట్ట లేదు. మంచం కింద సంచి కూడా లేదు. గుమ్మం దగ్గర లాడ్జి మూట, ఎప్పటికన్నా లావుగా, ముడి బిగించి తయారుగా ఉంది.

"ఇది కూడా చూసుకోకుండానేనా అన్నయ్యా?"

వాడు నా మొహం చూడలేదు. "గుర్తు ఎవరిదైతే బట్ట వాళ్ళకే పోతుంది. నేను పెట్టిన పద్ధతా ఇది?"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. సరే, తాడో పేడో తేల్చుకుందామనిపించింది.

"బండాయన్ని పిలవకు. ఇవాళ మూట నేనే తీసుకెళ్తాను."

అన్నయ్య హమ్మయ్య అనుకున్నాడు. "అదీ! నాకు తెలుసు, నువ్వు తెలివైనదానివి," అన్నాడు. మూట నెత్తికెత్తడానికి కూడా వచ్చాడు. వదిన నా వైపు చూసి మొహం తిప్పుకుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి సిరాసీసా, కుంచె తీసుకున్నాను. తొట్టి దగ్గర నుంచి అమ్మ చూసింది. చూసి మళ్ళీ వంగి బట్టలు జాడించుకుంది.

"మూత గట్టిగా బిగించు," అంది. "కారుతుంది."

లాడ్జి ముందుగదిలో అత్తగారు తాళాలగుత్తి ముందేసుకుని కూర్చుని ఉంది. మా ఆయన ఎవరికో గది చూపించడానికి లేస్తున్నాడు. పెట్టెలు పట్టుకుని ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు.

"వచ్చావా తల్లీ!" అంది అత్తగారు. "ముందు వెనకవైపు గదుల్లో దుప్పట్లు మార్చెయ్. మిగతా మాటలు తర్వాత."

మూట ఆవిడ ముందున్న బల్ల మీద పెట్టి ముడి విప్పాను. దుప్పట్లు ఒకవైపు, నా బట్టలు ఒకవైపు పేర్చాను.

"దుప్పట్లు మీవి, చూసుకోండి అత్తయ్యా. ఇవి నావి."

"నీవేంటి? గుర్తు చూసి మాట్లాడు. గేటు గుర్తున్నదేదైనా ఈ లాడ్జిదే. ఆ గుర్తు పెట్టింది కూడా మీ అమ్మే."

నిజమే, మా అమ్మే పెట్టింది. అందుకే ఇంకా మండింది. సీసా మూత తీశాను. నీలం చొక్కా కాలర్ తిప్పి, గేటు అడ్డగీతకు ఈ కొసనుంచి ఒక ఏటవాలు గీత, ఆ కొసనుంచి ఒకటి, రెండూ పైన కలిసేలా గీశాను. అంతే. తర్వాత దుప్పట్ల గదిలోకి వెళ్ళాను. ఇస్త్రీపెట్టె ఎక్కడుంటుందో నాకంటే ఎవరికి తెలుసు? తెచ్చి, అత్తగారి బల్ల పక్కనే ప్లగ్గు పెట్టి, వేడెక్కేదాకా నిలబడ్డాను. ఏం జరుగుతోందో అక్కడున్నవాళ్ళకు ఇంకా అంతుబట్టలేదు. వేడెక్కాక కాలర్ మీద పెట్టి అదిమాను. చుయ్‌మంది.

"ఇప్పుడు చూడండి. ఇది మీ గుర్తేనా?"

గది కోసం నిలబడ్డవాళ్ళలో ఒక పెద్దాయన ముందుకు వంగి చూశాడు. "గేటు కాదండీ. ఇల్లు బొమ్మలా ఉంది," అన్నాడు.

"మిమ్మల్నెవరడిగారండీ?" అని అత్తగారు కసిరింది.

నేను రెండో బట్ట తీసుకున్నాను. గీత, గీత, ఇస్త్రీ. మూడోది. మా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నలుగురిలో ఏంటిది? ఏమన్నా ఉంటే లోపల నాలుగు గోడల మధ్య మాట్లాడుకోవచ్చు కదా!"

"మాట్లాడుకునేదాన్నేనండీ. నాకు గది లేదు కదా."

ఆయన ఎర్రబడ్డ మొహంతో పక్కకు జరిగాడు. అప్పుడు అత్తగారు లేచి నిలబడింది.

"మీ అన్నతో చెప్పు. రేపటి నుంచి మీ మూట ఈ గుమ్మం తొక్కక్కర్లేదు."

అన్నయ్య మొహం కళ్ళముందు మెదిలింది. అయినా చేతిలో పని ఆపలేదు. ఉన్నికోటు మందం కదా, సిరా పట్టడానికి ఆలస్యమైంది. దానికి రెండుసార్లు అదిమాను. అన్నీ అయ్యాక, ఆ మూటలోనే వచ్చిన నా సంచిలో సర్దుకుని, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, వైరు చుట్టి, దాని చోట దాన్ని పెట్టేసి వచ్చాను. కుంచెలోంచి ఒక చుక్క మాత్రం వాళ్ళ బల్ల మీద పడింది. దాన్ని కూడా అదిమే వచ్చాను, అదెందుకు దాచాలి.

ఇంటికొచ్చి చెప్పగానే అన్నయ్య చేతిలో బట్ట విసిరికొట్టాడు. "నీ రెండు గీతల కోసం మా నోటికాడి కూడు పోగొట్టావు కదే!"

"నేను పోగొట్టింది నేనే తెస్తాను."

"ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"తలుపులు తట్టి."

వదిన నా కాలర్ పట్టుకుని తిప్పి చూసింది. "ఇదేంటి, గొడుగా?"

"ఇల్లు."

"తలుపేది మరి?"

"వేసుకోవాలనిపించినప్పుడు పెట్టుకుంటాలే."

అమ్మ నన్ను తిట్టిందీ లేదు, మెచ్చిందీ లేదు.

ఆ తర్వాతి రోజులు కష్టంగానే గడిచాయి, అబద్ధమెందుకు? ఇంట్లో బట్టలు సగమైపోయాయి, అన్నం తింటుంటే నెత్తిన చుక్కలు రాలడం మానేశాయి. ఆ ఖాళీ చూస్తే ముద్ద దిగేది కాదు. గొడుగేసుకుని వీధి వీధీ తిరిగాను. కొందరు తలుపే తీయలేదు. "మెషిన్ల కొట్టుకిస్తున్నామమ్మా" అన్నారు కొందరు. మొగుణ్ణి వదిలేసింది ఈవిడేనా అని చూడ్డానికి మాత్రమే తలుపు తీసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు కాలర్ తిప్పి గుర్తు చూపించేదాన్ని. "మీ బట్టలకు కూడా ఇలాగే పెడతాం, చచ్చినా పోదు" అనేదాన్ని. మొదట బేకరీ ఆయన ఒప్పుకున్నాడు, పిండి పడకుండా ఒంటికి ముందు కట్టుకునే గుడ్డలు ఇచ్చాడు. వాటిని తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అమ్మ కుంచె ముంచి, ఆగి, దాన్ని నా చేతికిచ్చింది.

"మనిషిని చూసింది నువ్వు. నువ్వే పెట్టు."

ఆయన గుండ్రటి పొట్టా, నెత్తి మీద చెదిరిన జుట్టూ గుర్తొచ్చి సున్నా గీసి, పైన వంకర గీత పెట్టాను. అమ్మ చూసి నవ్వింది. ఆ తర్వాత నర్సుల క్వార్టర్ల నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొత్త గుర్తులన్నీ నావే. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు గానీ, వేరుచేసేటప్పుడు గుర్తు తెలియక నీళ్ళు నమిలేవాడు. "ఇది ఎవరిదో అడుగు" అని పక్కనే ఉన్న నన్ను అడగడానికి వంటగదిలో ఉన్న వదినను పిలిచేవాడు. వదిన అక్కణ్ణుంచే, "ఆవిడకు చెవులున్నాయండీ!" అని అరిచేది. లాడ్జి పోయిన లోటు పూర్తిగా పూడలేదు. కానీ ఇల్లు గడిచింది.

వానలు వెనకబట్టాక మొదటి గట్టి ఎండ కాసింది. ఇంట్లో ఉన్నవన్నీ బయటికి తెచ్చి తీగలనిండా ఆరేశాం. అమ్మ తన బూడిదరంగు శాలువా తీసుకొచ్చి నా పక్కన కూర్చుంది. చలికీ వానకీ ఎన్నో ఏళ్ళుగా అదే శాలువా.

"ఆ సీసా ఇటివ్వు. దీనికి ఒక గుర్తు పెట్టాలి."

"మనవాటికి గుర్తులేంటమ్మా? ఇంట్లో దొంగలున్నారా?" అన్నాను.

"నోర్ముయ్యి," అంది. తర్వాత మెల్లగా అంది. "మా నాన్న ఇంట్లో ఉన్నాను. మీ నాన్న ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు మీ అన్నయ్య ఇంట్లో ఉన్నాను. ఊరందర్నీ చూసి గుర్తులు గీశాను. నన్ను చూసి ఎవరైనా ఒక్క గీత గీశారా?"

కుంచె తీసుకుని శాలువా మూలన నా గుర్తే గీయబోయాను. అమ్మ నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"నీది వద్దు. నీ ఇంట్లో నేనెందుకుంటానే? నాది నేను చూసుకుంటాను."

కన్నార్పేలోగా గుర్తు పెట్టే మా అమ్మ ఆ పొద్దంతా కుంచె ముంచుతూ, ఆరనిస్తూ, మళ్ళీ ముంచుతూ కూర్చుంది. ఏం గీసిందో నన్ను చూడనివ్వలేదు, తనే లోపలికెళ్ళి అదిమి తెచ్చి తీగ మీద వేసింది. సాయంత్రం ఎండిన బట్టలన్నీ లోపలికి చేర్చాక అన్నయ్య వేరుచేయడం మొదలుపెట్టాడు. శాలువా చేతికొచ్చింది. మూల తిప్పి చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇదేంటిది, కొత్త ఖాతానా?" అన్నాడు. ఈసారి వదినను పిలవకుండా సూటిగా నన్నే అడిగాడు. "ఇది ఏ ఇంటిది?"

నేను నోరు విప్పేలోపే, ఇస్త్రీ చేస్తున్న అమ్మ తల ఎత్తకుండా చెప్పింది.

"ఏ ఇంటిదీ కాదురా. నాది."

అన్నయ్య శాలువా మడత పెట్టాడు. అరల వైపు చూశాడు, మూటల వైపు చూశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి తీసుకెళ్ళి అమ్మ చేతికే ఇచ్చాడు.